బగ్ రిపోర్టు టూల్ బాక్సులోనే ఉంది

మూడు వారాలు. ఒకే ఒక్క బగ్.

ఆఫీసులో అయితే ఈపాటికి మా మేనేజర్ పక్కకి పిలిచి "ఏంటి బాబూ సంగతి?" అని అడిగేవాడు. కానీ ఇది ఆఫీసు బగ్ కాదు. తెనాలిలో మా ఇంటి వెనక వసారాలో, పన్నెండేళ్లుగా టార్పాలిన్ కింద పడున్న మా నాన్న యెజ్డీ రోడ్‌కింగ్‌లోది.

1984 మోడల్. నాన్న 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పశువుల ఆస్పత్రిలో అసిస్టెంటు ఉద్యోగం. గేదె ఎదకొచ్చిందని కబురొస్తే చాలు, వెనక సీటుకి నత్రజని క్యాను కట్టుకుని ఊరూరా దీని మీదే తిరిగేవాడు. 2013లో ఒకరోజు తెచ్చి వసారాలో పెట్టాడు. మళ్లీ తీయలేదు. ఎందుకని నేనూ అడగలేదు. అప్పుడు నాకు పదహారేళ్లు, నా గోల నాది.

ఈ వేసవిలో బుద్ధి పుట్టింది. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కడం, శని ఆదివారాలు గ్రీజులో మునగడం, సోమవారం పొద్దున్నే గోళ్లలో నలుపుతో ఆఫీసుకి పోవడం.

టార్పాలిన్ లాగిన రోజు నేనన్న మొదటి మాట నాకింకా గుర్తుంది. "ఇంత మంచి బండిని ఇలా తుప్పు పట్టించేశావేంటి నాన్నా?"

నాన్న ఏమీ అనలేదు. చేతిలో పేపరు మడిచి లోపలికెళ్లిపోయాడు. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

అసలు ఏంటీ బండి?

ఇప్పుడు రోడ్ల మీద కనిపిస్తున్న యెజ్డీ వేరు. అది 2022లో మళ్లీ వచ్చిన పేరు. పాతది మైసూరు బిడ్డ. అక్కడి ఐడియల్ జావా ఫ్యాక్టరీలో 1961 నుంచి చెక్ దేశపు జావా బళ్లు తయారయ్యేవి. 1973 నుంచి వాటికే యెజ్డీ అని పేరు పెట్టారు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

బండి లక్షణాలు విచిత్రంగా ఉంటాయి. సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు రెండు. కిక్ రాడ్డు, గేర్ రాడ్డు రెండూ ఒకటే! ఎడమ పక్కనున్న రాడ్డుని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక కిందికి దించితే గేరు. టూ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. మా బండికి నేను లీటరుకి 40 మిల్లీలీటర్లు కలుపుతున్నా.

మొదటి నెల: అంతా సాఫీగానే

ఒక్క నట్టు విప్పే ముందు కూడా ఫోన్లో ఫొటో తీశా. మొత్తం నాలుగొందల ఫొటోలు. ఏ వైరు ఎటు పోతుందో, ఏ వాషర్ ముందో ఏది వెనకో, అన్నీ. విప్పిన స్క్రూలు వరసగా పెట్టుకోడానికి అమ్మ గుంతపొంగనాల పెనం తెచ్చుకున్నా. ఒక్కో గుంతలో ఒక్కో భాగం స్క్రూలు. ఇంతకన్నా మంచి ఐడియా ఏ యూట్యూబరూ చెప్పలేదు. అమ్మ మాత్రం కొత్త పెనం కొనిచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

పిస్టన్ పట్టేసి ఉంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే తప్పు, కిక్ రాడ్డు మీద ఎక్కి తొక్కడం. లోపల ఏదో ఒకటి విరుగుతుంది. నేను ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి, వచ్చే శనివారం దాకా వదిలేశా. తర్వాత గేర్లో పెట్టి వెనక చక్రాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపితే, కిర్రుమని కదిలింది. సిలిండర్ గోడలు గీతలు పడున్నాయి. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లి రీబోరు చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించా.

పెట్రోల్ ట్యాంకులో తుప్పు పొడి. రెండు రోజులు వెనిగర్ పోసి నానబెట్టి, లోపల చిన్న గొలుసు వేసి గలగలా ఊపా. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, వెంటనే లోపలంతా ఆయిల్ తిప్పా. ఆ వెంటనే అన్నది ముఖ్యం. ఒక్క రాత్రి వదిలేస్తే తుప్పు మళ్లీ వచ్చేస్తుంది. కార్బురేటర్ జెట్లు ఎండిన పెట్రోల్ జిగురుతో మూసుకుపోయాయి. వాటిని గుండుసూదితో పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది. మెత్తని రాగి తీగ పోగు ఒకటి చాలు.

ఇంజిన్ కింది భాగం, అంటే క్రాంక్ ఉండే చోటు మాత్రం తెరవలేదు. "బాగానే తిరుగుతోంది కదా, దాన్నెందుకు కెలకడం" అనుకున్నా. మన ప్రొఫెషన్లో ఈ మాటకున్న చరిత్ర మీకు తెలుసు.

బగ్

ఆరో వారం, ఆదివారం సాయంత్రం, తొమ్మిదో కిక్కుకి బండి స్టార్టయింది. వసారా అంతా పొగ. నేను గంతులేశా. అమ్మ కిటికీలు మూసేసింది.

ఆ సంతోషం రెండు నిమిషాలు. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ వేగం తగ్గట్లేదు. వేడెక్కేకొద్దీ తనంతట తనే పెరుగుతోంది. కంగారుగా తాళం తిప్పి ఆపేశా. ప్లగ్ తీసి చూస్తే కొన సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. అంతా సరిగ్గా ఉంటే లేత గోధుమ రంగులో ఉండాలి. తెలుపంటే లోపలికి గాలి ఎక్కువ పోతోంది, పెట్రోల్ తక్కువ పోతోంది అని. టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌తో పాటే ఆయిల్ కూడా వెళ్తుంది కాబట్టి, పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. ఇలాగే నడిపితే కొత్త పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది.

ఇక మొదలైంది నా డీబగ్గింగ్. పెద్ద జెట్ వేశా. తగ్గలేదు. కార్బురేటరే మార్చేశా. తగ్గలేదు. ఫీలర్ గేజ్‌తో పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకి సరిచేశా. కండెన్సర్, కాయిల్ కొత్తవి తెప్పించా. ఒక ఆదివారమైతే మూడూ ఒకేసారి మార్చేసి, దేనివల్ల ఏం మారిందో నాకే తెలియకుండా చేసుకున్నా. కొత్తగా చేరిన ట్రెయినీ ఇలా చేస్తే నేనే తిడతాను.

ఇదంతా జరుగుతున్నంతసేపూ నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూనే ఉన్నాడు. ఈ బండిని ఇరవై రెండేళ్లు నడిపిన మనిషి నాకు ముప్పై అడుగుల దూరంలో ఉన్నాడు. నేను మాత్రం చెక్ భాషలో ఉన్న వీడియోలకి సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తున్నా.

టూల్ బాక్స్

యెజ్డీకి పక్కన తాళం వేసుకునే టూల్ బాక్స్ ఉంటుంది. మాదాని తాళంచెవి ఎప్పుడో పోయింది, మూత తుప్పుతో బిగుసుకుపోయింది. పెయింటు టైముకి చూద్దాంలే అని మొదటి నుంచీ వదిలేశా. మూడో వారం ఆదివారం, పాత ప్లగ్ స్పానర్ లోపలుందేమోనని స్క్రూడ్రైవర్‌తో తిప్పి ఊడదీశా.

స్పానర్ ఉంది. ఒక పాత ప్లగ్ ఉంది. పాలిథిన్ కవర్లో మడతపెట్టిన చీటీ ఒకటుంది. మెకానిక్ షెడ్డు అంచనా చీటీ. తేదీ 2013 జూన్.

"రీబోరు. పిస్టన్ కిట్టు. క్రాంక్ సీల్స్ రెండు, గాలి లాగుతోంది. కూలీ. మొత్తం 4,200."

క్రాంక్ సీల్స్. గాలి లాగుతోంది. నేను మూడు వారాలుగా వెతుకుతున్న బగ్ రిపోర్టు, నా మోకాలికి తగులుతున్న డబ్బాలోనే పన్నెండేళ్లుగా ఉంది.

టూ స్ట్రోక్ ఇంజిన్లో పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కింద ఉన్న క్రాంక్ గదిలోకి వస్తుంది, అక్కణ్ణుంచి పైకెళ్తుంది. ఆ గదికి చిన్న కంత కూడా ఉండకూడదు. క్రాంక్ రెండు చివర్లా ఉండే రబ్బరు సీల్సే దానికి కాపలా. అవి గట్టిపడి పగిలితే బయటి గాలి లోపలికి దూరుతుంది. అప్పుడు కార్బురేటర్‌ని ఎంత సరిచేసినా ఏం లాభం? గాలి వచ్చేది అటు నుంచి కాదుగా.

ఎగిరి గంతేసేవాణ్ణే. కానీ చీటీ వెనక్కి తిప్పా. నాన్న చేతిరాత, నీలం ఇంకు.

"కాలేజీ మొదటి వాయిదా. హాస్టల్ అడ్వాన్సు. పుస్తకాలు. ట్రంకు పెట్టె, పరుపు, బకెట్టు." ప్రతిదాని ఎదురుగా ఒక అంకె. అన్నిటికన్నా కింద, అంకె లేకుండా ఒక్క లైను. "బండి దసరాకి చూద్దాం."

2013 జూన్‌లో నేను విజయవాడలో ఇంటర్‌లో చేరా. ఆ ట్రంకు పెట్టె ఇప్పటికీ మా అటక మీదుంది. దసరాకి ఏమైందో నాకు తెలుసు. సెలవుల తర్వాత రెండో వాయిదా డబ్బు కాలేజీ ఆఫీసులో కట్టింది నేనే. ఆ ఏడాది నుంచి రిటైరయ్యేదాకా నాన్న బస్సుల్లో, షేర్ ఆటోల్లో ఊళ్లకి తిరిగాడు. బండి నడపడం విసుగొచ్చి మానేశాడని నేను అనుకున్నా. అనుకుని, దాని మీద "తుప్పు పట్టించేశావేంటి" అని కూడా అన్నా.

చీటీ పట్టుకుని వరండాలోకి వెళ్లా. నాన్న కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"ఓ, ఇదా. సీల్స్ అప్పుడే పోయినయ్‌గా. నీకు తెలుసనుకున్నా."

"నాకెలా తెలుస్తుంది నాన్నా?"

"నువ్వడగలేదుగా."

"మరి దసరాకి చేయిస్తానని రాసుకున్నావ్..."

నాన్న చీటీ మళ్లీ మడతపెట్టాడు. "ఆ ఏడు వానలు ఎక్కువ పడ్డయ్‌లే" అన్నాడు.

ఇంకేం అడగను? "నేనన్న మాటకి సారీ" అన్నా. "ఏ మాట?" అన్నాడు. నిజంగా మర్చిపోయాడో, మర్చిపోయినట్టు ఉన్నాడో తెలీదు.

సబ్బు నీళ్లు

మరుసటి శనివారం నాన్నే ఫోన్ చేసి, తన పాత మెకానిక్ బాబాయ్‌ని పిలిపించాడు. డెబ్బై ఏళ్లుంటాయి. కార్బురేటర్, సైలెన్సర్ల దారులు రబ్బరు ముక్కలతో మూసేసి, ప్లగ్ రంధ్రంలోంచి సైకిల్ పంపుతో రెండంటే రెండుసార్లు మెల్లగా గాలి కొట్టి, అనుమానం ఉన్నచోటల్లా సబ్బు నీళ్లు రాశాడు. కుడి పక్క, డైనమో వెనక, బుడగలు. పావుగంటలో పరీక్ష అయిపోయింది. నాకు మూడు వారాలు, ఒక కొత్త కార్బురేటరు ఖర్చయ్యాయి.

ఇద్దరూ చెరో స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను చేతికి స్పానర్లు అందించా. రెండు సీల్సూ మార్చాం. పాత సీల్ పట్టుకుంటే బిస్కెట్టులా విరిగింది.

మీరూ మొదలుపెడితే

ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లకి నా అనుభవంలోంచి కొన్ని మాటలు. పని ఆరుబయటో, గాలాడే చోటో చేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్రోల్ తెరవకండి. పాత బ్రేక్ షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. బండి ఏళ్ల తరబడి ఆగిపోయి ఉంటే, ఎంత బాగా తిరిగినా సరే, సీల్స్ మార్చేయండి.

కాగితాలు కూడా చూసుకోండి. "మాది వింటేజ్ బండి" అని చెప్పుకోడానికి బాగుంటుంది గానీ, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటితేనే వింటేజ్. వాటిని రోజూ వాడుకోడానికి కూడా లేదు. మాలాంటి వాటికి పదిహేనేళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. మాది 2014లోనే అయిపోయింది. అందుకే ప్రస్తుతానికి రోడ్డెక్కలేదు.

అన్నిటికన్నా ముందు, మొదటి నట్టు విప్పకముందే, ఆ బండి నడిపినవాళ్లని కూర్చోబెట్టి అడగండి. చివరిసారి ఎప్పుడు నడిపావు? అప్పుడు ఎలా మోగింది? ఎందుకు ఆపేశావు? మొదటి రెండు ప్రశ్నలు బండి కోసం. మూడోది మీ కోసం.

పోయిన ఆదివారం మా ఇంటి ఖాళీ స్థలంలో నాన్నే కిక్కు కొట్టాడు. రెండో కిక్కుకి అందుకుంది. యాక్సిలరేటర్ వదిలితే వేగం బుద్ధిగా కిందికొచ్చి నిలబడింది. జామచెట్టు చుట్టూ రెండు రౌండ్లు తిరిగి, నా ముందు ఆపి, వెనక్కి తిరిగి పొగ వాసన చూశాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూశా.

"ఆయిల్ కొంచెం ఎక్కువ పోశావురా" అన్నాడు.

(వచ్చే వారం: ఆర్‌సీ రెన్యువల్ కోసం ఆఫీసుల చుట్టూ మా ఇద్దరి ప్రదక్షిణలు.)