దిక్కుల వ్యాపారము

పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు కార్ఖానాలను ఎఱుగనివారు లేరు. వాని ప్రక్కనే, ఏ గణనలోనికిని రాక, మఱియొక వ్యాపారము మా టెక్కలి మొదలుకొని ఇచ్ఛాపురము వఱకు బలిసినది. అది కట్టిన యిండ్లను వాస్తు ప్రకారము దిద్దు వ్యాపారము. నిక్షేపము వంటి గుమ్మమును పెకలించి మూలకు జరుపుట, నీరూరుచున్న నూతిని పూడ్చి వేఱొకచోట త్రవ్వుట, దక్షిణపు కిటికీలను ఇటుకలతో మూయుట, మెట్లను ఒక ప్రక్క పడగొట్టి మఱియొక ప్రక్క కట్టుట - ఇవి దానిలోని పనులు. ఇసుకయు సిమెంటును ఖర్చగునుగాని, దీని మూలధనము మాత్రము ఇంటి యజమానుని వెఱపే. ఆ వెఱపును నాటి, పెంచి, కోసి అమ్ముకొనువారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. కొందఱు మిత్రులకు కోపము వచ్చును. రానిండు.

నేనెఱిగిన యొక కుటుంబమును ఉదాహరణముగ గైకొందును. పేరు చెప్పను. ఇట్టి కుటుంబములు ప్రతి పట్టణమునను గలవు గనుక పేరుతో పనిలేదు. తాత తాపీమేస్త్రీ. తూకపుగుండు, మట్టపుకఱ్ఱ, తాపీ - ఇంతే ఆయన యాస్తి. దసరానాడు వానికి పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కెడివాడు. తాను కట్టిన గోడ వంకరగా వచ్చెనేని తానే పడగొట్టి, ఆ దినపు కూలి పుచ్చుకొనక మరల కట్టెడివాడని ముసలివారు చెప్పుదురు. కుమారుడు గుత్తదారయ్యెను. మనుమలు ముగ్గురు. పెద్దవాడు వాస్తు చూచును. రెండవవాడు పని గుత్తకు పట్టును. మూడవవాడు సిమెంటు, ఇనుము, రేకుల దుకాణము నడపును. అల్లుడు వడ్డీకి సొమ్ము బదులిచ్చును. వైద్యుడు తానే రోగము చెప్పి, తానే శస్త్రము చేసి, తన దుకాణముననే మందమ్మి, ఆ మందుకు తన యింటనే అప్పిప్పించినచో మనము ఊరకుందుమా? ఇచ్చట మాత్రము చేతులు జోడించి ఊరకున్నాము. ఏలయనగా రశీదు పుస్తకముపై శ్రీకారము కలదు. కొట్టులో దేవుని పటము ముందు దీపము వెలుగుచున్నది.

పెద్దవాడు మొదటిమారు ఇల్లు చూచుటకు కానీయైనను పుచ్చుకొనడు. ఆ యుచితమే మిక్కిలి ఖరీదైనది. అతడు గడప దాటి లోనికి వచ్చి, దిక్సూచిని అఱచేత పెట్టుకొని, కొంతసేపు మౌనముగా నుండును. తరువాత, “ఈ యింట మగవారికి ఆరోగ్యము సరిగా నుండదే!” అనును. ఏ యింట మగవారికి ఎన్నడో యొకనాడు జబ్బు చేయలేదు? లోపలినుండి వినుచున్న ఇల్లాలు అదరిపడును. ఇక బేరమైనట్లే. దిద్దుబాటైన పిమ్మట మేలు కలిగినచో అది దిద్దుబాటు ఫలము. కీడు కలిగినచో ఇంకను దిద్దవలసిన మూల మఱియొకటి కలదు. తప్పు కానేరని మాట చెప్పువానికి వ్యాపారము పెరుగక యేమి చేయును?

వీరి వ్యాపారమునకు మంచి కాలము తుపానులతో వచ్చినది. 2013 అక్టోబరులో ఫైలిను గోపాలపురమువద్ద తీరము దాటెను. మఱుసటి యేడు హుద్‌హుదు విశాఖపట్టణమును కొట్టెను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ మా పలాస దాపుననే తీరము దాటినది. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో, విసరునపుడు 165 వఱకు వీచినది. ఉద్దానమను పేరునకు కారణమైన తోటలు, తాతలు నాటిన కొబ్బరి, పనస, జీడిమామిడి, ఒక్క యుదయమున నేల గూలినవి. ఇండ్ల రేకులు కాగితములవలె ఎగిరిపోయినవి. ఆ గాలి ఏ గుమ్మము ఏ దిక్కున నున్నదని అడుగలేదు. తూర్పు వాకిలి యిల్లును, దక్షిణపు వాకిలి యిల్లును కప్పు కోల్పోయినవి. కప్పు గట్టిగా బిగింపబడిన యిల్లు, దాని వాకిలి ఎటున్నను, నిలిచినది.

అప్పుడు జరిగినదొకటి చెప్పవలెను. నా శిష్యురాలొకతె తండ్రి గుజరాతులోని వేరావల్ రేవున పడవలపై కూలికి పోయినవాడు. మా తీరపు మత్స్యకారులు ఏటేట అచ్చటికి పోవుట అందఱెఱిగినదే. ఇంటి రేకులు సగము పోయినవి. తల్లి యొక్కతెయే. కప్పు వేయించుకొనుటకు ఆమె ఈ కుటుంబము కడకే పోయినది. వారు వచ్చి చూచి, రేకులు పోవుట దోషముకాదనియు, అది దోషమునకు సూచన మాత్రమే యనియు, దక్షిణపు వాకిలి యున్నంతవఱకు ఎన్ని రేకులు వేసినను నిలువవనియు చెప్పిరి. సముద్రముమీద నున్న భర్తను తలచుకొని ఆమె గడగడలాడినది. మెడలోని పుస్తెలగొలుసు తాకట్టు పడినది. చాలనిదానికి అల్లుని యప్పు. వాకిలి మూలకు జరిగినది. సొమ్మంతయు దానికే చెల్లిపోగా, కప్పు మాత్రము పాత మేకులతో, పైన నాలుగు ఱాళ్లు పెట్టి, యథాప్రకారముగ వేయబడినది. తరువాత నొకనాడు ఆ బాలిక తరగతిలో, “మా యింటికి దోషము పోయినదండీ, కాని వాన పడుచున్నది” అని చెప్పినది. ఎవరును నవ్వలేదు.

ఇక ఆ మూలకు జరుపుటను గూర్చి. ఇప్పటి వాస్తుపుస్తకములలో గుమ్మమునకు ఉచ్చస్థానమని పేరు పెట్టి, తూర్పుగోడలో ఈశాన్యపు కొసకు, దక్షిణపు గోడలో ఆగ్నేయపు కొసకు జరుపుమందురు. ఇంజనీర్ల మాట దీనికి విరుద్ధము. గోడలు రెండు కలియు మూలయే ఇంటికి బలము. ద్వారములు, కిటికీలు దానికి దూరముగా నుండవలెననియే వారు చెప్పుదురు. తుపాను తాకు చిన్న యిండ్లను ఎట్లు బలపఱుపవలెనో భారత ప్రమాణముల సంస్థ 2004లోనే 15498వ సంఖ్య గల ప్రమాణముగా ప్రకటించినది. కప్పు వాలు 22 మొదలు 30 డిగ్రీల వఱకు నున్నచో గాలి దానిని పైకి పీల్చు బలము తగ్గును. చూరు మిక్కిలి వెలుపలికి రాకూడదు. రేకులను మేకులతో కాక కొక్కెపు బోల్టులతో దూలములకును, దూలములను గోడలకును బిగింపవలెను. గోడల తలమీద చుట్టును కాంక్రీటు పట్టీ పోయవలెను. దీనిలో మంత్రము లేదు, ముహూర్తము లేదు. అందువలననే కాబోలు దీనిని చెప్పువానికి దక్షిణ ఇచ్చువారు లేరు.

“ఇది మన పూర్వుల శాస్త్రము, ఇంగ్లీషు చదివి దానిని నిందింతువా?” అని నన్ను అడిగినవారు కలరు. నేను సంస్కృతమును కూడ చదివితిని. పూర్వుల గ్రంథమునే తెఱచి చూతము. ఆఱవ శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహితలో 53వ అధ్యాయము వాస్తువిద్య. అందు ద్వారములకు 32 స్థానములు, దిక్కునకు 8 చొప్పున, చెప్పబడినవి. మనవారు ప్రాణమిచ్చు తూర్పుదిక్కున మొదటి స్థానమునకు ఫలము అగ్నిభయము, కడపటిదానికి దొంగతనము. మనవారు వణకు దక్షిణదిక్కున నాల్గవ స్థానమునకు ఫలము అన్నపానములు, పుత్రవృద్ధి. నేల యుత్తరమునకు వాలుట బ్రాహ్మణునకు, తూర్పునకు వాలుట క్షత్రియునకు, దక్షిణమునకు వాలుట వైశ్యునకు, పడమటికి వాలుట శూద్రునకు మేలని కూడ నందే యున్నది. ఇంటి వెడల్పు బ్రాహ్మణునకు 32 మూరలనుండి మొదలై, వర్ణమునకు నాలుగేసి మూరలు తగ్గి, శూద్రునకు 20; పదునాఱు మూరలకు లోబడినది మిక్కిలి హీనులకు. మన వాస్తుపండితుడు పాలవలసలోగాని, బారువలోగాని ఒక మత్స్యకారుని గడపలో నిలిచి ఈ భాగమును చదివి వినిపించునా? వినిపింపడు, గిరాకి పోవును. శాస్త్రమనిన శాస్త్రమంతయు ఒప్పుకొనవలెను. అక్కఱకు వచ్చిన ముక్క కత్తిరించుకొని, తక్కినది దాచి, దానికి వేదమంత గౌరవము కోరుట అంగడివాని నేర్పేగాని పండితుని ధర్మము కాదు.

ఆ వరాహమిహిరుడే తరువాతి అధ్యాయమున, నేలలో నీరెచ్చట నున్నదో చెట్లను, పుట్టలను, మంటి రంగును చూచి కనిపెట్టు విధమును వ్రాసెను. మఱికొంత ముందునకు పోయి, గోడలకు పూయు వజ్రలేపమును కాచు పద్ధతిని చెప్పెను. నిజముగా ఫలించినను ఫలింపకున్నను, అవి త్రవ్వి చూచి, పూసి చూచి తేల్చుకొనదగిన మాటలు. వీనిని మన వర్తకు లెన్నడును ఎత్తరు.

నీటి మాట వచ్చినది గనుక ఒకటి చెప్పుదును. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్లను చీకటిచేసినదో చదువరు లెఱుగుదురు. దాని మూలకారణమును గూర్చి వైద్యుల పరిశోధన యింకను సాగుచునే యున్నది. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికై 200 పడకల ఆసుపత్రి తెఱవబడినది. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా నీరు తెచ్చు పథకము నడిచినది. లోకమంతయు ఇట్లు కష్టపడుచుండగా, “మీ నుయ్యి ఆగ్నేయమున నున్నది, అందుకే ఈ జబ్బు” అని వారమునకు రెండుమూడు మాఱులు రక్తశుద్ధికై పోవు రోగి మంచముప్రక్క చెప్పగలవానికి మొగమెట్లు చెల్లునో నాకు తెలియదు. ఈశాన్యమున త్రవ్విన నూతిలోనికి వచ్చునది కూడ ఆ నేలలోని నీరే గదా.

మా యూళ్ల వీధులను చూచినను ఈ దిక్కుల లెక్క నిలువదు. పాత యిండ్లు ఒకదాని నొకటి యానుకొని, నడిమి గోడ యిరువురకు ఉమ్మడిగా, ముందు అరుగు, వెనుక పెరడుతో బారులు తీరియుండును. తూర్పు పడమరలుగా పోవు వీధిలో ఒక వరుసయంతయు ఉత్తరముఖము, ఎదుటి వరుసయంతయు దక్షిణముఖము. వాస్తు నిజమైనచో ఒక వరుసవారు నూఱేండ్లు బ్రదికి, ఎదుటివారు నశించియుండవలెను. ఇరుప్రక్కల ముసలివారును అరుగులమీద కూర్చుండి ఒకరి నొకరు పలుకరించుకొనుచునే యున్నారు. ఉత్తరముఖపు వరుసలో నా యింటి నైరృతిమూల పడమటి పొరుగువానికి ఆగ్నేయమూల. అచ్చట నేను బరువు పెట్టవలెనట, అతడు పొయ్యి పెట్టవలెనట. ఒక గోడ యిద్దఱి యదృష్టములను ఎట్లు మోయును?

“ఎండ, గాలి చక్కగా వచ్చుటకే ఈ నియమములు” అని మెల్లగా సమర్థించువారు కలరు. ఉదయపు టెండకు తూర్పు తెఱచియుంచుట మంచిదే. అట్లయిన ఎండను గూర్చియే చెప్పవలెను. పెద్దకుమారుని యాయుస్సును గూర్చి యేల చెప్పవలెను? పైగా ఈ తీరమున వేసవి సాయంకాలములందు ప్రాణము లేచివచ్చునట్లు వీచునది దక్షిణపు గాలి. దాని కిటికీలనే మూయించి, విద్యుత్తు పంకా క్రింద కూర్చుండి, గాలి కొఱకు వాస్తు అనుట వింతగా నున్నది.

పెద్దలే ఇట్లు చేయుచుండగా పేదల ననుటెట్లు అందురా? నిజమే. హైదరాబాదులోని సచివాలయపు పాత భవనములు 2020లో పడగొట్టబడినపుడు, ప్రభుత్వము చెప్పిన కారణములు వేఱైనను, వాస్తు భయమే కారణమని పత్రికలు వ్రాసినవి. ప్రభువుల పొరపాటునకు బొక్కసము కలదు. మత్స్యకారుని భార్యకు పుస్తెలగొలుసు మాత్రమే కలదు.

నేను విశ్వాసమునకు శత్రువును కాను. వ్యాపారమున విశ్వాసమునకు చోటు కలదు. 17వ శతాబ్దమున ఇంగ్లండులోని క్వేకరులను మతస్థులు, ఒకనికొక ధర, వేఱొకనికొక ధర చెప్పుట అసత్యమని తలచి, తమ కొట్లలో అందఱికిని ఒకే ధర పెట్టిరి. మనము మంగుళూరు పెంకులనుచున్నవి 1865లో ఆ యూర బాసెలు మిషనువారు నెలకొల్పిన కార్ఖానాతో వ్యాప్తికి వచ్చినవి. తమ మతములో చేరినవారికి పని కల్పించుట వారి యుద్దేశము. దానిని మనము మెచ్చవచ్చును, మెచ్చకపోవచ్చును. కాని పెంకు కొననివాని యిల్లు కూలునని వారు చెప్పలేదు. వాన దిగకుండుటయే దాని ప్రశంస. ఇచ్చట చెప్పిన మేస్త్రీతాత భక్తియు ఆ జాతిదే: అది తన చేతిని, తన తూకపుగుండును కట్టియుంచినది. మనుమల భక్తి తమ చేతులను విడిచిపెట్టి, కొనువాని చేతులను కట్టుచున్నది. ఒకే దేవుని పటము, ఒకే దీపము. నడుమ ఇంత దూరము.

గృహిణులు ఈ పత్రికను చదువుదురని యెఱుగుదును గనుక వారితోనే చెప్పుచున్నాను. ఇల్లు చూచుటకు వచ్చినవానిని కూర్చుండబెట్టి మజ్జిగ యిండు. మర్యాదకు లోపము చేయవలదు. పని చెప్పువాడును, పని చేయువాడును, సామాను అమ్మువాడును, అప్పిచ్చువాడును ఒకే యింటివారా యని మాత్రము అడుగుడు. ఈ దిద్దుబాటుతో ఏ ఫలము ఎన్ని నెలలలో కలుగునో, కలుగకున్న సొమ్ము తిరిగి యిత్తువా యని కాగితముమీద వ్రాయించుడు. వ్రాయువాడు దొరకిన నాకు చూపుడు.

ఆశ్వయుజము సమీపించుచున్నది. గుమ్మమును మూలకు జరుపుటకు బేరమాడుచున్నవారు, అంతకుముందు ఇంటిలోని పిల్లవానిచేత నిచ్చెన పట్టించుకొని కప్పుపైకెక్కి, ఎన్ని రేకులకు కొక్కెములు కలవో, ఎన్ని ఱాళ్ల బరువుతో నిలిచియున్నవో లెక్కపెట్టి చూచుకొందురుగాక.