ఋతువు మారినప్పుడు మరలివచ్చే దుఃఖం

ఈ శీర్షికలో మనం సాధారణంగా ఇంటి విద్యుత్తు, నీటి పొదుపు, రక్తపోటు వంటి విషయాలను ముచ్చటించుకొంటూ ఉంటాం. ఈ పర్యాయం కొలమానానికి లొంగని విషయమొకటి ఎత్తుకొంటున్నాం. ఆప్తులను పోగొట్టుకొన్న ఇంట, కొన్ని మాసాలు గడచి మనస్సు కుదుటపడిందనుకొనే తరుణంలో, ఋతువు మారగానే దుఃఖం మళ్ళీ తలుపు తట్టడం మనలో చాలామంది ఎరిగిన అనుభవమే. దానిని గురించి బాహాటంగా మాట్లాడుకొనేవారు మాత్రం అరుదు.

పుదుచ్చేరి పట్టణానికి పడమటి దిక్కున, విల్లియనూరు వెళ్ళే దారిలో ఉన్న రెడ్డియార్‌పాళయాన్ని ఉదాహరణగా తీసుకొందాం. ఆంధ్ర దేశంలో వానాకాలమంటే శ్రావణ భాద్రపదాలు. ఇక్కడ అసలు వాన ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. అక్టోబరు మూడవ వారంలో మొదలై డిసెంబరు దాకా సాగే ఈ కాలంలోనే సంవత్సరపు వర్షంలో సగానికి పైగా కురుస్తుంది. ఈ తీరవాసుల స్మృతిలోని పెద్ద విపత్తులు చాలావరకు ఆ కాలానికి చెందినవే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ, 2011 డిసెంబరు 30న తీరం దాటిన థానే తుఫాను, 2024 నవంబరు 30న వచ్చి ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు మించి వర్షం కురిపించిన ఫెంగల్ తుఫాను ఇందుకు నిదర్శనాలు. మన దివిసీమ ఉప్పెన కూడ 1977 నవంబరు 19 నాటిదే. ఇన్నేళ్ళు గడచినా ఏటా ఆ తేదీన అక్కడ మృతులకు నివాళులర్పిస్తూనే ఉన్నారు.

ప్రతి దుఃఖమూ తుఫానుతోనే రాదు. 2024 జూన్ 11న ఇదే రెడ్డియార్‌పాళయంలో భూగర్భ మురుగు కాలువ నుండి ఇళ్ళలోకి వెలువడిన విషవాయువు వలన ముగ్గురు స్త్రీలు మరణించారు. వారిలో ఒకరు 15 ఏళ్ళ బాలిక. ఆ ఇళ్ళవారి వేదనను గురించి వ్యాఖ్యానించే అధికారం మాకు లేదు. ఒక్క విషయం మాత్రం గమనింపదగినది. ఇతరులకు జూన్ మాసమంటే సెలవులు ముగిసి పిల్లలు కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకొనే కాలం. బిడ్డను పోగొట్టుకొన్నవారికి పొరుగింటి పిల్లల కొత్త అట్టల వాసన కూడ భరింపరానిదవుతుంది.

చలిదేశాలలో శీతకాలపు వెలుతురు తక్కువ కావడం వలన కలిగే మనోవ్యాకులతను 1984లో నార్మన్ రోసెంతాల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వర్ణించారు. అయితే పుదుచ్చేరి సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ అతి దీర్ఘమైన పగటికీ అతి హ్రస్వమైన పగటికీ మధ్య భేదం గంటన్నర లోపే. కావున ఇక్కడ మనస్సును కదిలించేది వెలుతురు కన్నా ఎక్కువగా జ్ఞాపకమే. తొలకరి మట్టి వాసన, ఆరని బట్టల చెమ్మ, కార్తిక దీపాల వరుస, ఇవన్నీ గత సంవత్సరం ఇదే వేళ ఎవరు పక్కన ఉన్నారో మనకు గుర్తు చేస్తాయి. మరణించిన తేదీ దగ్గర పడుతూండగా దుఃఖం తీవ్రం కావడాన్ని మనోవైద్యులు చక్కగా ఎరుగుదురు. అది వ్యాధి కాదు, వెనుకంజ కూడ కాదు.

మన పెద్దలు ఈ సంగతి ఎరిగినట్లే కనబడుతుంది. పెద్దకర్మతో ముగించక మాసికాలనీ, సంవత్సరీకమనీ, ఆపైన ఏటేటా తద్దినమనీ, భాద్రపద బహుళంలో మహాలయ పక్షమనీ నియమించారు. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే అయినా, అధికమాసపు సవరణ వలన తిథి మళ్ళీ అదే ఋతువుకు చేరుతుంది. క్రైస్తవ సోదరులు నవంబరు 2న సమాధుల వద్ద దీపాలు వెలిగిస్తారు. హిజ్రీ పంచాంగంలో అధికమాసం లేనందున ముస్లిం సోదరుల తేదీలు సుమారు 33 ఏళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టివస్తాయి. ఏ మార్గమైనా దుఃఖానికి ఒక దినాన్నీ, నలుగురి తోడునూ ఏర్పరచడమే వీటి ప్రయోజనమని మా అభిప్రాయం.

మాతో పనిచేసి విశ్రాంతి పొందిన మిత్రులొకరు రెడ్డియార్‌పాళయంలో నివసిస్తున్నారు. స్వస్థలం గోదావరి తీరం. ఆయన ధర్మపత్ని ఒక కార్తికంలో కన్నుమూశారు. ఏటా వానలకు ముందు డాబాపైకి వెళ్ళి నీరు దిగే తూములో చేరిన వేపాకులను తీయించేది ఆవిడే. మరుసటి అక్టోబరులో ఆ పని ఎవరికీ తోచలేదు. తొలి వానకే డాబాపై మోకాటి లోతు నీరు నిలిచింది. తాము స్వయంగా ఆకులు తీసి, తడిసిన బట్టలతో అక్కడే చాలాసేపు కూర్చుండిపోయామని ఆయన మాతో చెప్పారు. "ఏడాది కావస్తోంది కదండీ, ఇంకా ఇలా ఉండడం నా బలహీనతేమో" అన్నారు. ఆ వారంలోనే ఇల్లు అమ్మివేసి స్వస్థలానికి వెళ్ళిపోవాలని బేరం కూడ మాట్లాడారు.

ఇంజనీరుతో ఇంజనీరు భాషలో మాట్లాడడమే మేలని తోచింది. నూరు మీటర్ల ఉక్కు వంతెన 30 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదానికి దాదాపు 36 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే కీళ్ళ వద్ద ఖాళీ వదులుతాం. ఋతువుతో పాటు వంతెన కదలడం లోపం కాదు. ఆ ఖాళీని రాళ్ళూ మట్టీ పూడ్చివేస్తేనే ప్రమాదం. "గుండె దిటవు చేసుకోండి, మరచిపోండి" అనే మన ఓదార్పులు తరచు ఆ ఖాళీని పూడ్చే మట్టి వంటివి. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రకటించిన సిద్ధాంతం కూడ ఇటువంటిదే. దుఃఖించడం, దైనందిన జీవితాన్ని చక్కదిద్దుకోవడం, ఈ రెంటి మధ్య మనస్సు అటూ ఇటూ ఊగుతూ ఉండడమే సహజమని వారి భావం.

ఇల్లు అమ్మే నిర్ణయాన్ని మా మిత్రులు ఉగాది వరకు వాయిదా వేశారు. ఉగాది నాటికీ ఏమీ తేలలేదు. అయితే తూము శుభ్రం చేయడం మాత్రం తమ పనిగా స్వీకరించారు.

ఇట్టి కుటుంబాలకు మేము సూచింపదలచినవి కొన్ని:

ఒకటి, కష్టకాలం ఏ మాసంలో రానున్నదో పంచాంగం చూసి ముందే గుర్తించండి. ఆ రోజుకు సెలవు పెట్టి, ఎవరితో గడపాలో ముందుగా నిర్ణయించుకోండి.

రెండు, ఇల్లు అమ్మడం, భవిష్యనిధి సొమ్ము పంచివేయడం వంటి పెద్ద నిర్ణయాలను వీలైనంతవరకు ఆ రోజుల్లో చేయకండి.

మూడు, పోయినవారి పేరు ఇంట్లో పలకండి. పెద్దలు మౌనం వహిస్తే, అడగరాని విషయమేమో అని పిల్లలు తమలో తామే కుములుతారు.

నాలుగు, సహోద్యోగులు పదమూడవ రోజుతో పరామర్శ ముగించరాదు. పదకొండవ మాసంలో ఒకమారు ఇంటికి వెళ్ళి రండి. సలహాలు అవసరం లేదు. ఒక కప్పు కాఫీ, వినే చెవులు చాలు.

ఇదంతా సహజమైన దుఃఖానికి సంబంధించినది. సంవత్సరం దాటినా నిద్రాహారాలు కుదరక, నిత్యకృత్యాలు సాగక, మద్యాన్ని ఆశ్రయిస్తూ ఉంటే వైద్యుణ్ణి సంప్రదించడం అవసరం. అంతులేక కొనసాగే దుఃఖాన్ని చికిత్సకు అర్హమైన స్థితిగా వైద్యశాస్త్రం నేడు గుర్తించింది. జీవించాలని లేదన్న మాట వినబడితే సంవత్సరం దాకా ఆగరాదు, ఒక్క రోజు కూడ ఆగరాదు. పుదుచ్చేరివారికి జిప్‌మర్‌లో మనోవైద్య విభాగం ఉన్నది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవను 14416 సంఖ్యపై దేశంలో ఎక్కడినుండైనా ఉచితంగా పొందవచ్చు.

ఈశాన్య ఋతుపవనాలు ఏటా వస్తాయి. వాటిని ఆపలేము కనుకనే వానకు ముందు తూములు చూసుకొంటాం. మీ విభాగంలో ఈ యేడు తొలి వానను ఒంటరిగా చూడబోయేవారు ఎవరో ఒకమారు తలచుకొని, ఈ వారంలోనే వారిని పలకరించవలసిందిగా పాఠక మిత్రులకు మా మనవి.