చలాన్ నంబర్ ప్లేటుకు, ప్రీమియం ఓనర్‌కు.. మరి నడిపినోడికి?

ఊర్లల్ల కారు కొన్నోళ్లు ముందుగాల అడిగే మాట, ‘ఇన్సూరెన్స్ ఏడ అగ్గువకు దొరుకుతది?’ అని. పోయినేడు బండి గుద్దిచ్చి క్లెయిమ్ తీసుకున్నోళ్లైతే ఇంకింత దేవులాడుతరు. నేను చెప్పేదేందంటే, దేవులాడే ముందు రేటు ఏడ మారుతదో, ఏడ మారదో తెల్సుకోవాలె.

కారు పాలసీల ముఖ్యంగ రెండు భాగాలు. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి తగిలి ఎదుటోళ్లకు నష్టమైతే ఇది కడతది. చట్టం ప్రకారం తప్పనిసరి. లేకుంట దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. దీని రేటు సర్కారే ఖరారు చేస్తది. 2022 జూన్ 1 నుంచి అమలైన లెక్కల, సొంత కారు 1000 సీసీ లోపుంటే 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897. జీఎస్టీ అదనం. ఇరవై ఏండ్లు గీత పడకుండ నడిపిన పెద్దమనిషికీ గదే రేటు, ఏడాదిల రెండుసార్లు గుద్దిచ్చిన పోరనికీ గదే రేటు. ఇందుల ఎవరన్న ‘సగానికే ఇప్పిస్త’ అంటే అది దొంగ పాలసీ కావొచ్చు, పైలం.

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన బండి రిపేరుకు. నాలుగు కంపెనీల రేట్లు పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఈడనే. ఏడాది క్లెయిమ్ లేకుంటే 20 శాతం, వరుసగ ఐదేండ్లు లేకుంటే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తది. ఒక్క క్లెయిమ్ చేస్తే మామూలుగ సున్నాకొస్తది. అందుకే చిన్న సొట్టకు క్లెయిమ్ పెట్టే ముందు, రిపేరు ఖర్చెంత, పోయే బోనస్ ఎంత అని లెక్క చూస్కోవాలె. పాలసీ ముగిసినంక 90 రోజులల్ల రెన్యూవల్ చెయ్యకున్నా బోనస్ పోతది. సెకండ్ హ్యాండ్ కారు కొంటే పాత ఓనర్ బోనస్ మనకు రాదు. ఉన్నదని అబద్ధం రాయిస్తే రేపు క్లెయిమ్ కాడ ఇరుక్కుంటం.

ఇగ అసలు సంగతి. చలాన్లను ప్రీమియంతోటి ముడిపెట్టాలన్న ఆలోచన మల్ల మల్ల ముందుకొస్తున్నది. హైదరాబాద్‌ల ఉండే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వేసిన వర్కింగ్ గ్రూపు 2021 జనవరిలనే ఇది సూచించింది. తాగి నడిపితే 100 పాయింట్లు, రాంగ్ పార్కింగ్‌కు 10 పాయింట్లు, ఆ లెక్కన అదనపు ప్రీమియం. కట్టాల్సింది మాత్రం బండి ఎవరి పేరు మీదున్నదో వాళ్లు.

తాగి నడిపేటోళ్లకు ప్రీమియం పిరం కావాలె, అందుల నాకు రెండో మాట లేదు. కానీ మన ఊర్ల సంగతి చూడుండ్రి. కారు నాయిన పేరు మీదుంటది. కొడుకు నడుపుతడు, పెండ్లికి బావమరిది తీస్కపోతడు, ఆపతికి పక్కింటాయిన అడుగుతడు. కెమెరాకు దొరికేది నంబర్ ప్లేటే. స్పీడుగ పోయింది ఒకలు, ప్రీమియం పెరిగేది ఇంకొకలకు. ఇట్లైతే రిస్కున్న డ్రైవర్ మారడు, బండిచ్చినోడు మునుగుతడు.

ఇప్పటికే గీ భారం ఓనర్ మీదున్నది. లైసెన్స్ లేనోడు నడిపి మనిషిని గుద్దితే, బాధితులకు ముందుగాల కంపెనీతోటి పైసలిప్పిచ్చి, ఎన్కకెళ్లి ఓనర్ దగ్గర వసూలు చేస్కొమ్మని కోర్టులు చెప్పిన కేసులు మస్తున్నయి. గసొంటి తీర్పొస్తే ఉన్న ఎకరం భూమి అమ్ముకునే గతి పడతది.

అందుకే పాయింట్లు లెక్కపెడితే డ్రైవింగ్ లైసెన్స్ మీద పెట్టాలె, నంబర్ ప్లేటు మీద కాదు. నడిపింది ఎవలో చెప్పుకునే అవకాశం ఓనర్‌కు ఉండాలె. గీ రెండు లేకుండ రూల్ తెస్తే ఊరి పోరగాళ్లమే ముందుగాల అడ్డం చెప్పాలె. అప్పటిదాకా మన చేతుల ఉన్నది ఒక్కటే: లైసెన్స్ చూడకుండ, తాగిండో లేదో చూడకుండ బండి తాళం ఎవలికీ ఇయ్యొద్దు, సొంత తమ్ముడైనా సరే.