భూమి క్రింద మూతపడిన స్టేషన్లు



లండన్ పట్టణంలో భూమి క్రింద నడిచే రైలులో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి ఒకచోట వింత కనబడుతుంది. నల్లని సొరంగపు గోడ ఉన్నట్టుండి ఇటుక గోడగా మారుతుంది. రైలు ఆగదు. రెప్పపాటులో మళ్లీ చీకటి. ఆ గోడ వెనుక ఉన్నది ఒక స్టేషను. అక్కడ ప్రయాణికులు ఎక్కి దిగి తొంభై ఏండ్లు దాటింది. అటువంటి చోట్లను గూర్చి ఈ నెల తెలుసుకుందాం.

ఈ రైలు 1863 జనవరి 10న మొదలైంది. ప్రపంచంలో భూగర్భ రైలు అదే మొదటిది. తొలినాళ్లలో బొగ్గు ఇంజన్లే, పొగలోనే ప్రయాణం. 1890లో ఇంకా లోతున విద్యుత్తుతో నడిచే మార్గం వచ్చింది. తరువాత వేర్వేరు కంపెనీలు స్టేషన్లను మరీ దగ్గర దగ్గరగా కట్టాయి. కొన్నిటికి జనం చాలలేదు. పైన చెప్పిన ఇటుక గోడ డౌన్ స్ట్రీట్ స్టేషనుది. దానిని 1907లో తెరిచారు. చుట్టుప్రక్కల ధనవంతులు, వారికి సొంత బండ్లు. అటూ ఇటూ వేరే స్టేషన్లు దగ్గరే. 1932లో దానిని మూసివేశారు.

పనికిరాదని మూసిన ఆ చోటు ఏడేండ్లకే అవసరమైంది. 1939లో యుద్ధం రాగా దేశంలోని రైళ్లన్నిటినీ నడిపించే సంఘం తన కార్యాలయాన్ని అక్కడికి దింపింది. 1940లో ప్రధానమంత్రి చర్చిల్ సహితం కొన్ని రాత్రులు అక్కడే తల దాచుకున్నారు.

ఆ సెప్టెంబరు నుండి లండన్ మీద వరుసగా 57 రాత్రులు బాంబులు పడ్డాయి. స్టేషన్లలో జనం దాగటం ప్రభుత్వానికి మొదట ఇష్టం లేదు. అయితే ప్రజలు టికెట్టు కొని లోపలికి దిగి, తెల్లవారేదాకా పైకి రాలేదు. చివరికి ప్రభుత్వమే ఒప్పుకొని మంచాలు వేయించింది. ఆల్డ్‌విచ్ అనే చిన్న మార్గంలో రైళ్లు ఆపి స్టేషనును జనానికి ఇచ్చారు. దాని సొరంగంలో బ్రిటిష్ మ్యూజియం వారి అమూల్యమైన శిల్పాలు కూడ భద్రమయ్యాయి.

బెత్నల్ గ్రీన్‌లో అప్పటికి రైలే రాలేదు. స్టేషను సగం కట్టి ఉండగానే ఆశ్రయంగా మార్చారు. దిగటానికి ఒకటే ద్వారం. దానిని బలపరచుకుంటామని స్థానిక కౌన్సిలు 1941లో పై అధికారులకు వ్రాసింది. అనుమతి రాలేదు. 1943 మార్చి 3వ తేదీ రాత్రి సైరన్ మ్రోగింది. వానకు మెట్లు తడిసి ఉన్నాయి. ఒక్క మసక దీపం. మధ్యలో పట్టుకొనేందుకు కమ్మి లేదు. దగ్గరి పార్కు నుండి తమ సైన్యమే కొత్త రాకెట్లు పేల్చగా, ఆ ధ్వని బాంబులదనుకొని జనం ముందుకు త్రోసుకున్నారు. క్రింది మెట్ల దగ్గర ఒక స్త్రీ కాలు జారి పడింది. ఆమె మీద మరొకరు, వారి మీద మరికొందరు. నిమిషాలలో 173 మంది ఊపిరాడక చనిపోయారు. వారిలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబు కూడ పడలేదు. మెట్లకు కమ్మీలు ఆ తరువాత వచ్చాయి. విచారణ నివేదిక 1945 దాకా బయటకు రాలేదు.

యుద్ధం ముగిసింది. క్లాఫమ్ సౌత్ స్టేషను క్రింద త్రవ్విన లోతైన ఆశ్రయం ఖాళీగా ఉంది. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ మీద జమైకా మొదలైన ద్వీపాల నుండి వందలమంది పని వెదకుకొంటూ వచ్చారు. వారిలో ఉండటానికి చోటులేని రెండువందల మందికి పైగా మనుష్యులకు ఆ సొరంగంలోని మంచాలే మొదటి పడకలయ్యాయి. అక్కడికి దగ్గరలోని బ్రిక్స్‌టన్‌లో పని వెదకుకొని, చాలామంది ఆ చుట్టుప్రక్కలే కాపురాలు పెట్టుకున్నారు.

చూచారా! మూసిన చోటు వ్యర్థమైన చోటు కాదు. ఒకనాడు ప్రధానమంత్రికి, మరొకనాడు గూడు లేని పరదేశికి అది అక్కరకు వచ్చింది. అయితే ఆశ్రయం ఉంటే చాలదు, అందులోనికి దిగే దారి కూడ బాగుండాలి. బెత్నల్ గ్రీన్‌లో లోపల స్థలం ఉంది, మంచాలున్నాయి. లేనివి కాస్త వెలుతురు, ఒక కమ్మి.

మన ఊరి తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉన్నది? రాత్రివేళ కరెంటు పోతే ముసలివారు, చంటిబిడ్డల తల్లులు ఆ మెట్లు ఎలా ఎక్కుతారు? మబ్బు పట్టకముందే, ఈ వారంలోనే, ఒకసారి వెళ్లి చూచి వద్దాం.