వృత్తి పథం: పెద్దల చేతి లెక్క

“వ్రాయగా వ్రాయగా కరణం” అన్నది మన పెద్దల నానుడి. గ్రామ కరణం పదవి ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయినది గాని, ఆ మాట విలువ మాత్రం తగ్గలేదు. అయితే దానికొక చిన్న చేర్పు అవసరం. ఎంత వ్రాశామన్నదానితో పాటు ఎవరి పక్కన కూర్చొని వ్రాశామన్నదీ లెక్కకు వస్తుంది. గణక వృత్తిలో ముందడుగు వేయదలచిన యువతీయువకుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ నెల ఆ విషయమే ముచ్చటిద్దాం.

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలిని ఉదాహరణగా తీసుకుందాం. తెలంగాణ జిల్లాల నుంచి నేతపనికై వచ్చిన మన కుటుంబాలు సూరత్‌లో తరాలుగా నివసిస్తున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నదంటే మనవారి సంఖ్యను ఊహించుకోవచ్చు. అమ్రోలిలోనే వాణిజ్యశాస్త్ర కళాశాల ఉన్నది. బి.కాం. ముగించిన పిల్లలు రింగురోడ్డు బట్టల మార్కెట్టులోని దుకాణంలోనో, ఆడిటరు కార్యాలయంలోనో, మన వంటి సంస్థల ఆర్థిక విభాగంలోనో చేరుతున్నారు. కొందరు ఐదేళ్లలో రెండు మెట్లు ఎక్కుతారు. మరికొందరు వోచర్లు ఎక్కించే కుర్చీలోనే ఉండిపోతారు. ఇద్దరి మార్కులూ ఒకటే, కళాశాలా ఒకటే. తేడా తరచుగా పెద్దల వద్ద నేర్చుకొనే తీరులో ఉంటుంది.

పూర్వం ఈ నేర్పు దానంతట అదే అబ్బేది. గుజరాతీ దుకాణంలో లెక్కలు వ్రాసే పెద్దను మెహతాజీ అంటారు. మన చిట్టా వంటిది వారికి రోజ్‌మేళ్. మన ఆవర్జా వారికి ఖాతావహి. దీపావళినాడు ఈ పుస్తకాలకే చోప్డా పూజ జరుగుతుంది. మెహతాజీ పక్కన కూర్చున్న కుర్రవాడు ఆయన కలం ఏ పద్దు దగ్గర ఆగినదో, ఏ బిల్లును వెనుకకు త్రిప్పి చూచినదో కళ్లారా గమనించేవాడు. నేడు టాలీ వంటి సాఫ్ట్‌వేరులో ఒక పద్దు ఎక్కించిన మరుక్షణమే ఆవర్జా, అంకణా సిద్ధమవుతాయి. పని సులువైనది, కాని పెద్దవాని ఆలోచన కంటికి కనబడకుండా పోయినది. కనుక ఇప్పుడు దానిని అడిగి తెలుసుకోవలసిందే.

ఒక ఉదాహరణ చూడండి. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్నులో ఒక నిబంధన తెచ్చినది. సూక్ష్మ, చిన్న సంస్థల బాకీని లిఖిత ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులలో, లేకుంటే 15 రోజులలో తీర్చాలి. గడువు దాటితే ఆ ఖర్చును సొమ్ము చెల్లించిన సంవత్సరంలోనే లెక్కలో చూపుకోవాలి. 2023-24 లెక్కల నుంచి ఇది అమలైనప్పుడు, నెలల తరబడి అరువు మీద నడిచే సూరత్ బట్టల వ్యాపారం కలవరపడినది. బిల్లు ఎక్కించే కుర్రవానికి అది ఒక అంకె మాత్రమే. అనుభవజ్ఞుడు మూడు ప్రశ్నలు వేస్తాడు. అమ్మినవారికి ఉద్యమ్ నమోదు ఉన్నదా? వారు ఉత్పత్తిదారులా, కేవలం వర్తకులా? సరుకు అందిన తేదీ ఏది? పక్కనున్నవారు నేర్వవలసినది ఆ ప్రశ్నల వరుసనే. చట్టం రేపు మారవచ్చు. ప్రశ్నించే అలవాటు మిగులుతుంది.

ప్రభుత్వ రంగ సంస్థలో మరొక సదుపాయం ఉన్నది. మన చట్టబద్ధ ఆడిటరును నియమించేది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. ఆపైన వారి అనుబంధ తనిఖీ కూడా ఉంటుంది. ఆడిటు అభ్యంతరాలకు మన పెద్దలు వ్రాసిన సమాధానాలు పాత ఫైళ్లలో భద్రంగా ఉన్నాయి. అధికారి అనుమతితో నెలకొక ఫైలు చదవండి. ఏ వాక్యానికి ఏ ఆధారం జతపరచారో, ఎక్కడ పొరపాటును ఒప్పుకొని సరిదిద్దారో గుర్తించండి. ఒక్కరినే ఆదర్శంగా పెట్టుకోనవసరం లేదు. బ్యాంకు నిల్వల సమన్వయం ఒకరి వద్ద, నోటు వ్రాయుట మరొకరి వద్ద, పన్నుల వ్యవహారం ఇంకొకరి వద్ద నేర్వవచ్చు. అడిగేముందు మీరొక సమాధానం ఆలోచించుకొని వెళ్లండి. “ఏం చేయమంటారు?” అనేవానికి ఆజ్ఞ దొరుకుతుంది, “నేనిలా అనుకున్నాను, సరేనా అండీ?” అనేవానికి పాఠం దొరుకుతుంది.

ఈ వృత్తి పునాదే గురుశిష్య సంబంధం. మన దేశంలో గణక పరీక్షలో 1933లో ఉత్తీర్ణురాలైన తొలి మహిళ ఆర్.శివభోగం. స్వాతంత్ర్యోద్యమంలో ఏడాది జైలుశిక్ష అనుభవించి వచ్చిన ఆమె, మద్రాసులో ప్రసిద్ధ ఆడిటరు సి.ఎస్.శాస్త్రి వద్ద శిక్షణ పొందినారు. అనంతరం 1949 జూలై 1న ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ కూడా సీనియరు వద్ద ఆర్టికల్‌షిప్‌ను తప్పనిసరిగానే ఉంచినది. మూడేళ్లుగా ఉన్న ఆ శిక్షణ 2023 నాటి కొత్త విధానంలో రెండేళ్లకు తగ్గినది. నేర్చుకొనే కాలం తగ్గినప్పుడు నేర్చుకొనే శ్రద్ధ పెరగాలి కదా! పూర్తికాల ఆర్టికల్‌షిప్ వీలుకాని ఉద్యోగస్థులు కాస్ట్ అకౌంటెన్సీ కోర్సును ఉద్యోగం చేస్తూనే చదువుకోవచ్చు.

అయితే పెద్దవాడు చెప్పినదంతా వేదం కాదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు స్వయంగా వ్రాసిన లేఖతో, పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,000 కోట్ల రూపాయలకు పైగా లేనేలేవని లోకానికి తెలిసినది. 2015 ఏప్రిల్‌లో విచారణ న్యాయస్థానం దోషులుగా తేల్చిన పదిమందిలో ఆ సంస్థ ఆర్థిక విభాగపు ఉద్యోగులు కూడా ఉన్నారు. ఆ తీర్పుపై అప్పీళ్లు దాఖలైనాయి. ఏమైనా ఈ ఉదంతం ప్రతి చిన్న గుమస్తాకూ ఒక హెచ్చరిక. ఆధారపత్రం అడిగితే విసుగుపడక చూపించే పెద్దను అనుసరించండి. “ప్రశ్నలు వద్దు, సంతకం పెట్టు” అనే పెద్దకు నమస్కరించి దూరంగా ఉండండి. మీకు అర్థం కాని కాగితంపై మీ పొట్టి సంతకం సైతం పడరాదు.

చివరగా సీనియర్ ఉద్యోగ మిత్రులకు ఒక విన్నపం. పదవీ విరమణ రోజున పూలదండ, శాలువ, జ్ఞాపిక మీకు దక్కుతాయి. ముప్పై ఏళ్ల అనుభవం మాత్రం మీతోపాటే గేటు దాటిపోతుంది. వారానికి ఒక అరగంట మీ పక్కబల్ల యువకునికో, యువతికో కేటాయించండి. మీరు పరిష్కరించిన చిక్కులను ఒక నోటుబుక్కులో వ్రాసిపెట్టండి. యువ మిత్రులారా, మీరు కూడా సోమవారం నాడు ఒక ప్రశ్నతో వారి బల్ల వద్దకు వెళ్లండి. రేపు మీ పక్కన కూర్చొనే కొత్తవారికి ఆ జవాబు అందించవలసిన బాధ్యత మీదే అవుతుంది.