ఓటుకు దూరం, కూలీలకు దగ్గర

గాజాలో కాల్పులు ఆపాలని 2025 జూన్ 12న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో 149 ముల్కులు ఓటేస్తే, మన హుకూమత్ ఓటింగుకు దూరంగా కూర్చుంది. గైర్ జానిబ్‌దారీ అట! 1974లో పీఎల్‌ఓను గుర్తించిన తొలి అరబ్బేతర ముల్క్ మనదే, యాద్ పెట్టుకోండి.

మరి మజ్దూర్ల సంగతి? 2023 అక్టోబర్ 7 తర్వాత ఇజ్రాయెల్ ఫలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. వాళ్ల జాగాలోకి పంపడానికి 2024 మేలో హైదరాబాద్‌లో సెంట్రింగ్, టైల్స్ పనివాళ్లకు సర్కారే పరీక్షలు పెట్టింది. నెలకు లక్ష దాటి జీతమంటే చెల్పూర్ మేస్త్రీ కూడా బయల్దేరతాడు. అతణ్ని తప్పుబట్టను, అది మజ్బూరీ. కానీ ఓటు దగ్గర ఖామోషీ, కూలీల దగ్గర హడావిడి చూపే హుకూమత్‌ను మాత్రం అడుగుతా: ఈ పని ఎవరి చేతుల్లోంచి గుంజుకున్నదో ఆ మేస్త్రీకి చెప్పే పంపుతున్నారా?