మలబారు నుంచి మన్యం దాకా

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలు శృంగవరపుకోట దాటి, కొండలెక్కి టైడా చేరుతుంది. సెలవులు వస్తే అడవిని, సొరంగాలను చూపించడానికి పిల్లలను వెంటబెట్టుకుని అటు వెళ్లే కుటుంబాలు మనలోనూ ఎన్నో ఉన్నాయి. టైడా ఉన్న అనంతగిరి మండలం 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. ఆ పేరు ఎరుగని తెలుగువారు లేరు. ఆ పేరు వెనుక నిలిచిన ప్రజల చరిత్ర మాత్రం పాఠ్యపుస్తకాలలో రెండు మూడు వాక్యాలకు మించదు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరతరాలుగా మన్యం ప్రజలవైన పోడును, పశువుల మేతను, కలప సేకరణను ఆంక్షలలో బంధించింది. గూడెం కొండలలో రోడ్ల పనికి గిరిజనులను నామమాత్రపు కూలికి బలవంతంగా తరలించారు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడిగా బద్దలైంది. తరువాతి రెండు రోజులలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల వంతు వచ్చింది. ప్రభుత్వ దస్తావేజులు దీనిని ‘పితూరీ’ అన్నాయి. నేటి వాడుకలో ఆ మాటకు చాడీ అనే అర్థమే మిగిలింది. పాలకులు పెట్టిన పేరుతో ఒక ప్రజా పోరాటం ఎంత చిన్నదైపోతుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఆ పోరాటాన్ని అణచడానికి వచ్చిన బలగాలలో మలబార్ స్పెషల్ పోలీసు ఒకటి. 1921లో మలబారులో మాప్పిళ్ల ముస్లిం రైతుల తిరుగుబాటును అణచడానికి కూర్చిన దళమది. ఆ ఏడాది నవంబరులోనే తిరూరులో సుమారు 100 మంది ఖైదీలను గాలి ఆడని రైలు పెట్టెలో కుక్కి పంపగా, దాదాపు 70 మంది ఊపిరాడక మరణించారు. మలబారులో రాటుదేలిన తుపాకులు ఏడాది తిరగకముందే మన్యం గిరిజనుల మీదికి మళ్లాయి. 1924 మే 7న సీతారామరాజును విచారణ లేకుండానే కాల్చి చంపారు.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. ఐర్లాండు పోరాటాన్ని అణచడానికి పనిచేసిన పోలీసు బలగాలకు చెందిన వందలాది మందిని 1922లోనే బ్రిటన్ పాలస్తీనాకు పంపింది. పీడించేవారు ఒక చోట నేర్చిన విద్యను మరో చోట ప్రయోగిస్తారు. పీడితులు మాత్రం ఒకరి గాథ ఒకరికి తెలియకుండా విడివిడిగా మిగిలిపోతారు. చరిత్రలోని ఈ మౌనమే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది.

మరచిపోవడం ఒక ఎత్తు, చెరిపివేయడం మరొక ఎత్తు. స్వాతంత్ర్య సమర అమరుల నిఘంటువు నుంచి మలబారు తిరుగుబాటుకు చెందిన 387 మంది పేర్లను తొలగించాలని భారత చారిత్రక పరిశోధనా మండలి నియమించిన సంఘం సిఫార్సు చేసినట్లు 2021లో వార్తలు వెలువడ్డాయి. ఆ తిరుగుబాటులో నిరపరాధులైన హిందువులు హతులయ్యారు, బలవంతపు మతమార్పిడులు జరిగాయి. ఆ నిజాన్ని మనం దాచకూడదు. జుల్మ్ ఎవరు చేసినా జుల్మే. అయితే ఆ కారణం చూపి రైలు పెట్టెలోని మృతులను చరిత్ర నుంచి దించివేయడం న్యాయం కాదు.

మన్యంలో పోరాటం నేటికీ ముగియలేదు. ఇదే అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతంలో గిరిజన భూములను ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వక్ఫ్ భూములు అన్యాక్రాంతమవుతున్నాయని గొంతెత్తే మనం, కొండ మీది భూమి గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి. మన హక్కును అడిగే నైతిక బలం ఇతరుల హక్కును గుర్తించడం నుంచే వస్తుంది.

సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఈ సంగతి ఎన్ని బడులలో చెబుతున్నారు? రేపు టైడాలో రైలు దిగినప్పుడు పిల్లలకు అడవితో పాటు గాం సోదరులు గంతందొర, మల్లుదొరల పేర్లు కూడా చెప్పండి. తిరూరు రైలు పెట్టె గురించి కూడా చెప్పండి. ఆ రెండూ ఒకే అధ్యాయమని వారికి తెలియాలి.